పదకొండు నెలలు

మార్కాపురం బస్టాండు వెనక ఉన్న ఇనాయతుల్లా డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చిన స్టెల్లా, కూర్చోమన్నా కూర్చోకుండా తలుపు వైపే చూస్తూ నిలబడింది. వెంట తండ్రి కరుణాకరం, రాచర్లలో కూలిపని చేసే మనిషి. ఇనాయతుల్లా మేనకోడలు, సహాయకురాలు రేష్మా మంచినీళ్లిస్తే, తాగకుండా గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

స్టెల్లా గిద్దలూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. తెలుగు మేడం అనురాధ పిల్లలచేత వారం వారం బ్లాగు రాయిస్తుంది. ముందు చిత్తుప్రతి ఆమెకు చూపాలి. ఆమె ప్రశ్నలు వేసి తిప్పి పంపుతుంది. దిద్దుకున్నాకే అందరికీ కనపడేలా పెట్టాలి. ఆ దిద్దుకోవడానికే మార్కులు. హాస్టల్ నీళ్లతొట్టి కడగడం లేదని స్టెల్లా రాస్తే, కాలేజీ విచారణ వేసింది. మొన్న ఆదివారం ఉదయం ఆమె బ్లాగులో ఆమె రాయని మాటలు వెలిశాయి: "తొట్టి పదకొండు నెలలుగా కడగలేదని నేను రాసింది అబద్ధం. ఇక బతకాలని లేదు." నిన్న చూస్తే ఆమె గది లోపలి గడియ ఊడదీసి ఉంది.

"నేను రాయలే సార్. నన్ను చంపి, నేనే చచ్చినానని చెప్పేటట్టున్నారు," అంది స్టెల్లా.

ఆదివారం ఉదయం కూతురు తనతోనే రాచర్ల చర్చిలో ఉందని కరుణాకరం చెప్పాడు.

ఇనాయతుల్లా రేష్మాను కూడా తీసుకుని అప్పుడే వాళ్లతో గిద్దలూరు బస్సెక్కాడు. హాస్టల్ కంప్యూటర్లో స్టెల్లా తన బ్లాగు లాగౌట్ చేయకుండా ఊరికి వెళ్లినట్టు తేలింది. వార్డెను వెంకటరత్నమ్మ తాను బ్లాగు ఎన్నడూ చూడలేదనీ, మేడం ఇచ్చిన కాగితమే చదివాననీ చెప్పింది. వార్డెనును సంజాయిషీ రాయమని స్టెల్లా మొదటి చిత్తుప్రతే ఇచ్చానని అనురాధ ఒప్పుకుంది. ఇనాయతుల్లా బ్లాగు రెండుసార్లు చదివి, అందరినీ ప్రిన్సిపాల్ గదికి పిలిపించాడు.

"స్టెల్లా బ్లాగులో పెట్టింది 'ఏడు నెలలు' అని. మరి పదకొండు ఎక్కడిది?" అన్నాడు.

"చిత్తులో అట్లే రాసినా సార్. 'నీకెట్ల తెలుసు?' అని మేడం అడిగింది. తొట్టి కడిగే ఎర్రయ్య తాతను అడిగి మార్చినా," అంది స్టెల్లా.

"అంటే పదకొండు చూసినవాళ్లు ముగ్గురే. స్టెల్లా చర్చిలో ఉంది. దిద్దించిన మేడంకు ఏడని తెలుసు. కాగితాన్నే నమ్ముకున్నది మీరొక్కరే, వెంకటరత్నమ్మగారూ. రోజూ హాజరు ఎక్కించేది కూడా మీరు ఆ కంప్యూటర్లోనే."

వెంకటరత్నమ్మ ఒప్పుకుంది. ఉద్యోగం పోతుందని భయపడ్డాననీ, పిల్ల బెదిరి ఇంటికి పోతే చాలనుకున్నాననీ, గడియ తీసింది కూడా తానేననీ చెప్పింది. ప్రిన్సిపాల్ పోలీసులకు ఫోన్ చేశాడు.

కరుణాకరం ఇంటికి పోదాం రమ్మన్నాడు. స్టెల్లా రానంది. అయినా హాస్టల్ గదిలో ఒక్కతే పడుకోవాలంటే భయం. తనకు జ్వరమొచ్చిన రోజున పక్కన కూర్చుని గంజి తాగించింది ఆ వెంకటరత్నమ్మే.

"అక్కా, రెండు దినాలు నాతో ఉంటావా?" అని రేష్మాను అడిగింది.

రేష్మా మేనమామ వైపు చూసింది. ఆయన తలూపి, ఒక్కడే బస్టాండు దారి పట్టాడు.