మూడో గదిలో పదకొండు గంటల చీకటి

గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ వెనక సందులో ఒక విశ్వవిద్యాలయం వారి ఎలుకల భవనం ఉంది. మందుల పరిశోధన కోసం జన్యువులు మార్చిన ఎలుకలను అక్కడ పుట్టిస్తారు. అందులో మూడో గది మంచిది కాదని పేరు. ఆ చోట ఒకప్పుడు శ్మశానం ఉండేదని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే షేర్ ఆటోల్లో కూడా చెప్పుకుంటారు. భవనం బాధ్యత చూసే పశువైద్యుడు కమలాకర్ పాత పటాలన్నీ తిరగేశాడు. శ్మశానం దొరకలేదు. జామతోట దొరికింది.

ఆ గదిలో పగలే రాత్రి. ఎలుకలు చీకట్లో మేలుకుంటాయి గనుక, మనుషులు పనిచేసే వేళకే వాటికి చీకటి పడేలా దీపాలు అమర్చారు. ఉదయం పదింటికి పొద్దు గుంకుతుంది. ఒక్క ఎర్రబల్బు మాత్రం వెలుగుతుంది.

ఆ చీకట్లో, మూడు నెలలుగా... ఎలుకల పెట్టెలను ఎవరో గోటితో మీటినట్టు... టిక్... టిక్...

ఆ గదిలో పనిచేసి చనిపోయిన బాలమల్లు బతికున్నప్పుడు ఉంగరపు వేలితో పెట్టెలు తట్టి చూసేవాడు. ఇది అతడేనని, ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న జంగయ్య చెప్పాడు. మిగతా పనివాళ్లు ఆ గడప తొక్కడం మానేశారు. మేత, నీళ్లు జంగయ్యే పెట్టి వచ్చేవాడు.

పరిశోధక విద్యార్థిని శృతి ఎలుకలు ఆ గదిలోనే ఉన్నాయి. నాలుగేళ్ల కష్టం, ముప్పై ఏడు ప్రాణాలు, మరెక్కడా లేని వంశం. సోమవారం వాటి పిండాలను తీసి, రోగక్రిములు పోయేలా కడిగి, గడ్డకట్టించి దాస్తే, ఈ ఎలుకలు పోయినా ఆ వంశాన్ని మళ్లీ పుట్టించవచ్చు; ఇక భయం లేదు. అంతవరకు ఉన్నవి అవే.

గురువారం ఆమె కమలాకర్ దగ్గరికి వచ్చింది.

"సార్, సోమవారం నాతోని లోపలికి ఒస్తనని ఒక్కరు కూడ అంటలేరు."

"దయ్యం లేదని రాసిస్తే సరిపోతదా?"

"మీరు లోపలికి పోయి చూసి రాస్తే సరిపోతది."

ఉదయం పదకొండింటికి కమలాకర్ తెల్ల తొడుగు వేసుకొని లోపలికి వెళ్లాడు. వెనక తలుపు మూసుకుంది.

టిక్.

ఆగాడు. తన ఊపిరి తనకే వినిపించింది.

టిక్... టిక్... ఎడమవైపు, పైవరుస నుంచి.

దయ్యాలు ఎందుకు ఉండవో వివరిస్తూ అతడు పదిహేను పేజీల వ్యాసం రాసి ఉన్నాడు. అందులో ఒక్క వాక్యమూ గుర్తుకు రాలేదు. ఎర్ర టార్చి మెల్లగా పైకెత్తాడు.

పెట్టె మూత మీద — బయట — ఒక ఎలుక కూర్చొని, లోపలి మేత కోసం ఇనుప జాలీని కొరుకుతోంది.

తప్పించుకున్నదేమో అనుకున్నాడు. ఆ భవనంలో పుట్టిన ప్రతి ఎలుకకూ చెవికి గాటు పెడతారు. ఆ గాటే దాని పేరు, ఊరు. టార్చి దగ్గరికి జరిపాడు.

రెండు చెవులూ గాటు లేకుండా నిండుగా ఉన్నాయి.

కమలాకర్ వెన్ను జలదరించింది... అప్పుడు.

మోరీ ఎలుక. బయటి ఎలుక ఒక్కటి దూరినా సరే, రోగం అంటి ఉంటుందన్న అనుమానం మీదే ఆ గదిలోని పదకొండు వందల ఎలుకలనూ అదే రోజు చంపాలి. శృతి ముప్పై ఏడింటికీ మినహాయింపు లేదు. ఆ నియమం రాసింది కమలాకరే.

బయట జంగయ్య గోడకు ఆనుకొని ఉన్నాడు.

"కనవడ్డదా సార్?" అన్నాడు గుసగుసగా.

"నీకు ఎరుకేనా?"

"మూడు నెలల సంది ఎరుకే. బోన్ల పడుతలేదు."

"మరి బాలమల్లు అని ఎందుకు చెప్పినవ్?"

జంగయ్య గొంతు ఇంకా తగ్గించాడు.

"దయ్యమంటే ఎవ్వరు రారు సార్. ఎలుకంటే... మీరొస్తరు."

వరండా చివర శృతి నిలబడి ఉంది. కమలాకర్ ఆమె వైపు చూడకుండా అన్నాడు:

"సోమవారం నీతోని నేనొస్తనమ్మా. మంగళవారం దాకా ఇంకెవర్ని లోపలికి రానియ్యకు."

తర్వాత రిజిస్టర్ తెరిచాడు. కలం మూత చాలాసేపు తిప్పుతూ ఉండిపోయాడు. చివరికి 'శబ్దానికి కారణం' అన్న గడిలో, గుండ్రని అక్షరాలతో 'దయ్యం' అని రాశాడు.

'స్వయంగా చూసినవారు' అన్న గడిలో సంతకం పెట్టాడు.