వేపమండ దెబ్బ

పాలవాడు గంట కొట్టినా నూకమ్మ తలుపు తీయలేదు. గిన్నె పట్టుకుని తలుపు వెనకే నిలబడి, "వెన్నెలా, పాలు" అని మెల్లిగా కూతుర్ని పిలిచింది. ఏడాదిగా టాటానగర్ కద్మా పేటలోని ఆ ఇంట్లో తెల్లవారడం ఇలాగే ఉంది. అంతకుముందైతే పాలల్లో నీళ్ల సంగతి తేల్చుకోనిదే ఆవిడ గిన్నె లోపలికి తెచ్చేది కాదు.

వెన్నెల జడ అల్లుకుంటూనే వచ్చి పాలు పోయించుకుంది. కింద ఎవరి ఫోన్లోనో ఆ పాట మోగింది. 'మైనే నహీ మారా, దేవీ నే మారా!' నేను కొట్టలేదు, దేవత కొట్టింది. డోలు దరువు మీద తిప్పి తిప్పి వినిపిస్తున్న ఆ గొంతు నూకమ్మదే. ఆవిడ గిన్నె అందుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

లోపల పోలరాజు ఫోన్లో ఎవరితోనో "సరేనండి, సరేనండి" అంటున్నాడు. టాటానగర్ రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరేం చెప్పినా సరేననడం ఆయనకు అలవాటు. ఫోన్ పెట్టేశాక మాత్రం భార్య వైపు చూడలేకపోయాడు.

"ఏటంట?" అంది నూకమ్మ.

"ఏట్నేదు."

"ఏట్నేకపోతే మొకం అలగెందుకెట్టినావు?"

"గణపతిరావుగారు. జాతర కమిటీ వోళ్లు కూకుని మాటాడుకున్నారంట. ఈయేడు ఘటం నిన్ను ఎత్తొద్దంతన్నారు. మళ్లా ఎవులైనా వీడియో తీత్తే గొడవైపోద్దని."

నూకమ్మ పొయ్యి కట్టేసింది. పెళ్లై శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరొచ్చిన ఏడాది మొదలు తెలుగు కాలనీలో అమ్మవారి ఘటం ఆవిడ తల మీదే ఊరేగింది. "అమ్మోరు వొద్దంటే మానేత్తును. గణపతిరావు వొద్దంటే మానాలేటి?" అంది.

వెన్నెలకు ఒళ్లు మండిపోయింది. "యే సబ్ ఉసీ కా కియా హువా హై! అంతా వాడు చేసిందే. వాణ్ణి వదలనమ్మా. నీకు చేసినట్టే వాడికీ చేస్తాను."

వాడంటే సాయిచంద్. సోనారిలో ఉండే గౌరీదేవి కొడుకు. చిన్నప్పుడే తండ్రి పోతే, గౌరీదేవి స్కూల్లో ఆయాగా పనికి వెళ్తూ పిల్లవాణ్ణి నూకమ్మ దగ్గర దింపేది. నూకమ్మను సొంత అక్కలా 'అప్పా' అని పిలిచేది. ఈ ఇంట్లో అన్నం తిని, ఈ గడప మీద హోంవర్కు రాసుకుని పెరిగిన ఆ అబ్బాయి ఇప్పుడు 'చటాక్ ఖబర్' అనే యూట్యూబ్ వార్తల ఛానల్‌కు యజమాని, విలేకరి, సర్వస్వం.

ఘటం ఎత్తిన మనిషికి పూనకం వస్తుంది. అప్పుడు ఆ చేతిలోని వేపమండ దెబ్బ తింటే ఏడాదంతా ఏ రోగమూ రాదని తల్లులు పిల్లల్ని వరసలో నిలబెడతారు. సాయిచంద్ కూడా ఏటా తిన్నాడు. కిందటేడు మాత్రం ఫోన్ పట్టుకొచ్చాడు. మనవాడే కదా అని ముందు నిలబడనిచ్చారు. జ్వరంతో ఉన్న పాపను వాళ్లమ్మే ఎత్తుకొచ్చి తల వంచి బతిమాలుకోవడం అంతా కోసేసి, జుట్టు విరబోసుకున్న నూకమ్మ మండ విసరడం, పాప ఏడవడం మాత్రం ఉంచాడు. పైన పెద్ద అక్షరాలతో 'డాయన్' అని పెట్టాడు, అంటే మంత్రగత్తె అని. ఈ ప్రాంతంలో అది ఊరికే అనే మాట కాదు. ఆ మాట పడ్డ ఆడవాళ్లను ఊళ్లలోంచి తరిమేసిన వార్తలు వెన్నెల ఉద్యోగంలో తన చేత్తోనే టైపు చేసింది.

మర్నాడు వాడే మైకు తెచ్చి, పాపను ఎందుకు కొట్టారని అడిగాడు. పూనకంలో జరిగింది తన పనేనని ఘటం ఎత్తిన మనిషి చెప్పుకోకూడదు, అది తప్పు. అందుకే నూకమ్మ తనకొచ్చిన హిందీలో ఉన్నమాట చెప్పింది. ఎవడో దానికి దరువు కట్టాడు, ఆ మాటే పాటైంది. సాక్చి బజారులో కూరగాయలవాళ్లు కూడా ఆవిణ్ణి చూసి ఆ పాటే పాడారు. నూకమ్మ అనే మనిషి పోయి, ఆ వీడియో ఒక్కటే మిగిలింది.

*

వెన్నెల పనిచేసేది సాక్చిలోని ఒక హిందీ వార్తల వెబ్‌సైట్‌లో, వీడియోల దగ్గర. ఆ మధ్యాహ్నం ఒక గాజుల దుకాణంవాడు తన సీసీటీవీ వీడియో పంపాడు. ఒక పెద్దావిడ డబ్బివ్వకుండా గాజులు పట్టుకుపోయిందట, వార్త వేయమన్నాడు. వెన్నెల దాన్ని తెరిచి, ఒక్కసారిగా కుర్చీలో ముందుకు జరిగింది. ఆవిడ గౌరీదేవి!

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఇంత ఆనందం ఏడాదిలో ఎప్పుడూ కలగలేదు. వెన్నెల చకచకా కోసింది. గౌరీదేవి దుకాణంలో నిలబడి తన మణికట్టు చూపించి, తల అడ్డంగా ఊపి, వేళ్లతో ఇంకా పెద్ద సైజు చూపించడం తీసేసింది. కొంగు చివరి డబ్బుల ముడి కోసం తడుముకుంటూ తడుముకుంటూ అసలెందుకు తడుముకుంటోందో మరిచిపోయినట్టు నిలబడిపోవడం కూడా తీసేసింది. చెయ్యి గాజుల మీద పడటం, మెట్లు దిగిపోవడం ఉంచింది. పైన హిందీలో 'విలేకరి తల్లి దొంగ?' అని రాసింది. సాయంత్రానికల్లా వేసేయమన్నాడు ఎడిటర్.

కానీ ముందుగా దాన్ని అమ్మ చూడాలి. వెన్నెల స్కూటర్ తీసి ఇంటికొచ్చేసింది.

నూకమ్మ ఆ చిన్న వీడియోను కళ్లార్పకుండా చూసింది. "గౌరి ఇలగ సేసిందా?" అంది ముందు. తరవాత ఆ మొహంలో ఏడాదిగా లేని వెలుగొకటి వచ్చింది. అది మంచి వెలుగు కాదు. "ఎయ్యే. ఎయ్యి. ఆడి తల్లినీ బజార్లో నిలబెట్టి పాటలు కట్టనీ."

"వేసేముందు వాడికి చూపిస్తానమ్మా. వాడు వణకాలి."

"నానూ వత్తన్నాను. ఆడి మొకం నాను సూడాల."

పోలరాజు ఏదో అనబోయి, "జాగర్తమ్మా" అని ఊరుకున్నాడు. ఏడాది తరవాత నూకమ్మ పగటిపూట గడప దాటింది. కొంగు తల మీదికి లాక్కుని కూతురి వెనక కూర్చుంది.

*

సోనారిలో ఆ ఇంటి ముందు గదే వాడి స్టూడియో. పెద్ద దీపం ముందు కూర్చుని ఏదో రికార్డు చేసుకుంటున్న సాయిచంద్, నూకమ్మను చూసి లేచి నిలబడ్డాడు.

"పెద్దమ్మా..."

"ఆ పిలుపు మానేయ్" అంది వెన్నెల. ఇదివరకు వాణ్ణి అన్నా అనకుండా మాట్లాడేది కాదు. "ఇది చూడు. సాయంత్రం వస్తుంది."

వీడియో ముగిసేసరికి వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. వెన్నెల ఫోన్ వెనక్కి తీసుకోలేదు. ఇంకోసారి వేసి చూపించింది.

"వెన్నెలా, అమ్మకి మతిమరుపు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా. తాళం వేసుకునే బయటికి వెళ్తాను, మొన్నొకసారి మరిచిపోయా. ఆవిడకేం తెలీదు. ప్లీజ్, అమ్మ బతకదు."

"మా అమ్మ బతికే ఉందనుకున్నావా?"

"నేను మంత్రగత్తె అని రాయలేదు. 'డాయన్?' అని రాశాను. క్వశ్చన్ మార్కు పెట్టాను కదా. అందరూ అలాగే పెడతారు, లేకపోతే ఎవరూ చూడరు..."

"నేనూ పెట్టాను. చూసుకో" అంది వెన్నెల, 'దొంగ?' అన్నచోట వేలు పెట్టి.

అప్పుడు మాట్లాడింది నూకమ్మ.

"సాయీ, జొరమొత్తే నా వొళ్లో తొంగున్నోడివి. మీయమ్మ నిన్ను వరసలో నిలబెట్టి, గట్టిగా కొట్టప్పా, నా బిడ్డకి జొరాలు తగలకూడదనేది. ఆ దెబ్బేటో నీకు తెల్దా? తెలీనోడు రాత్తే తెలక రాసినాడనుకుందును. అన్నీ తెలిసి నన్ను డాయన్ని సేసినావు. నా పేరేటో నాకే గుర్తునేకండ సేసినావు కదరా!"

అరుపు విని లోపలి గది తలుపు తీసుకుని గౌరీదేవి వచ్చింది. చిక్కిపోయింది, చీర వంకరగా కట్టుకుంది. అందరి మొహాలూ చూసి, నూకమ్మ దగ్గర ఆగి, పసిపిల్లలా నవ్వింది.

"వచ్చినావప్పా! నానే వద్దామనుకున్నాను, దారి తెలక ఆగిపోయినాను. మంగళారం కదా జాతర? గాజులు తెచ్చినాను, సూడు."

ఏటా ఘటం ఎత్తేముందు నూకమ్మ చేతులకు ఆకుపచ్చ గాజులు తొడిగేది గౌరీదేవే. కొడుకు చేసిన పని ఆవిడకు తెలియదు, తెలిసినా గుర్తులేదు. మంగళవారం మాత్రం గుర్తుంది. నూకమ్మ చెయ్యి లాక్కుని, వేళ్లు నొక్కి, ఒక్కొక్క గాజే ఎక్కించడం మొదలుపెట్టింది. అవి గౌరీదేవి సన్నటి చేతులకు నిలిచే గాజులు కావు. నూకమ్మ లావు మణికట్టుకు కొలిచినట్టు సరిపోయాయి.

వేళ్లతో పెద్ద సైజు చూపించిన ఆ చెయ్యి వెన్నెల కళ్లముందు కదిలింది. అది పనికిరాని ముక్క అని తానే కోసేసింది. కొంగుముడి తడుముకోవడమూ తానే కోసేసింది. సాయిచంద్ ఏం చేశాడో సరిగ్గా అదే, వాడికంటే తొందరగా చేసింది.

"అమ్మా, నేను... ఇందులో ఇంకా ఉంది. నేనే తీసేశాను" అంది. ఫోన్ తెరిచి, వాళ్ల ముందే ఆ ముక్కను చెరిపేసింది. "పిన్ని దొంగతనం చేయలేదు. దుకాణానికి వెళ్లి నేనే చెబుతాను. ఎడిటర్‌క్కూడా మొత్తం చూపిస్తాను."

సాయిచంద్ నూకమ్మ కాళ్ల మీద పడ్డాడు. ఆవిడ కాళ్లు వెనక్కి తీసుకుంది.

"కాళ్లట్టుకుంటే అయిపోద్దేట్రా? ఊరందరి ముందర పడేసి, గదిలో లేవదీత్తావా?" గాజుల చెయ్యి గౌరీదేవి చేతిలోనే ఉంచి, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంది. "దీని మొకం సూసి నీ తల్లిని వొదిలేసినాను. నిన్ను వొదల్ను. ఫోను తియ్యి. కొయ్యడానికి కుదరనిదుందే, ఆ లైవు, అదెట్టు. నానెవరో, ఆ దెబ్బేటో నీ నోటితో సెప్పు. ప్రశ్నలెట్టకండ సెప్పు."

వాడు చెప్పాడు. మొదట హిందీలో తడబడుతూ, తరవాత ఏడుస్తూ చెప్పాడు. కోసేసిన ముక్కలన్నీ వేసి చూపించాడు. లైవ్ కింద తిట్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఆపేయనా అన్నట్టు నూకమ్మ వైపు చూస్తే, "సదువు. పైకి సదువు" అంది ఆవిడ. ప్రతి తిట్టూ వాడు పైకి చదివాడు. మధ్యలో వెన్నెలకే ఇక చాలనిపించింది. నూకమ్మకు అనిపించలేదు.

*

ఆ లైవ్ కమిటీ పెద్ద గణపతిరావూ చూశాడు. మర్నాడు ఇంటికొచ్చి, కాఫీ తాగి, "ఘటం మీరే ఎత్తాలమ్మా" అన్నాడు, అసలు వద్దన్నదే లేనట్టు. "సరేనండి" అన్నాడు పోలరాజు.

మంగళవారం డప్పులు మోగుతుంటే ఘటం కదిలింది. గౌరీదేవిని వెన్నెల చెయ్యి పట్టుకుని నడిపించింది. సాయిచంద్ తన ఫోన్‌ను వెన్నెలకిచ్చి, లైవ్ పెట్టించి, చొక్కా విప్పి, పిల్లల వరసలో నిలబడి తల వంచాడు. వేపమండ వాడి వీపు మీద పడ్డ చప్పుడుకు డప్పులవాళ్లే ఒక క్షణం తడబడ్డారు. ఒకటి కాదు, మళ్లీ పడింది, మళ్లీ పడింది. వాడు కదల్లేదు. ఆకులన్నీ రాలిపోయి కాడ మిగిలింది.

పూనకం దిగాక నూకమ్మ చెట్టు నీడన కూర్చుని నీళ్లు తాగింది. వాడొచ్చి ముందు కూర్చున్నాడు. వీపంతా ఎర్రటి చారలు. ఆవిడ పళ్లెంలోంచి పసుపు తీసి ఆ చారల మీద మెల్లగా అద్దింది. అద్దుతూ ఉంటే ఆవిడ కళ్లలోంచి నీళ్లు వాడి భుజం మీద పడ్డాయి.

"పెద్దమ్మా, పిల్లలకి మెల్లిగా తగిలించావు" అన్నాడు వాడు. "నన్ను మాత్రం ఎందుకంత గట్టిగా కొట్టావు?"

నూకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. వెన్నెల చేతిలో ఫోన్ ఇంకా లైవ్‌లోనే ఉంది. ఏడాదిగా కెమెరా అంటేనే మొహం దాచుకున్న మనిషి, తిన్నగా దానిలోకే చూసి నవ్వింది.

"నాను కొట్టనేదురా. అమ్మోరు కొట్టింది."