పన్నెండు తొంభై మూడైన కేసు

“డీఆర్‌ఎం నా దుకాణం మూయించేటట్టున్నది మేడం!”

సరిగ్గా ఆ మాట దగ్గరే వికారాబాద్ జంక్షన్‌లో గూడ్సు బండి కూత పెట్టింది. స్టేషన్ ఎదురుగా, మిర్చి బజ్జీల కొట్టు పై అంతస్తులో ఉన్న డిటెక్టివ్ అరుణాదేవి ఆఫీసులో ఆ కూతకు మాట సగం చితికిపోయింది. మిగిలిన సగాన్ని అసిస్టెంటు యాకోబు తన చెవికి తోచినట్టు అతికించుకున్నాడు.

“డ్రమ్మా? నీళ్ల డ్రమ్మా, డీజిల్ డ్రమ్మా? షట్టర్‌కు అడ్డం వడ్డదా అక్కా?”

“డ్రమ్ము గాదన్నా. డీఆర్‌ఎం!”

“అయ్యో, రైల్వే డీఆర్‌ఎం సారా! అంత పెద్దాయనతోని మీకేం పంచాయితీ?”

జంక్షన్ పక్కనే పుట్టి పెరిగిన యాకోబుకు ఆ మూడక్షరాలకు ఇంకో అర్థం ఉంటుందని తెలియదు. గౌరవం కొద్దీ చొక్కా పై గుండీ కూడా పెట్టుకున్నాడు.

“మనిషి గాదు యాకోబూ, తాళం,” అంది అరుణాదేవి. “కంప్యూటర్ ఆటలకు ఏసే తాళం. కొనకుండ నకలు కొట్టి ఆడకుండ కంపెనీవాళ్లు ఆటలోపట ఒక కాపలా సాఫ్ట్‌వేర్ పెడ్తరు. కూసో చెల్లే. నీళ్లు తాగి చెప్పు.”

యాభైకి రెండేళ్లు తక్కువైన అరుణాదేవి తూనికలు కొలతల శాఖలో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. తూచి మాట్లాడటం, కొలిచి అడుగేయటం అక్కడే అలవడ్డాయి. పూర్వం టీవీలు బాగుచేసిన యాకోబుకు ఆమె తుమ్మినా అందులో ఒక క్లూ ఉందనిపించేది.

నోటీసు వచ్చినవాళ్లకు నోట మాట రాదంటారు. ఎదురుగా కూర్చున్న భాగ్యశ్రీకి మాత్రం ఆగలేదు. తాండూరులో ఆమెది పన్నెండు కంప్యూటర్ల గేమింగ్ సెంటర్. వచ్చినవాళ్లు గంటల లెక్కన ఆటలాడతారు. ఆడనివాళ్లకు దరఖాస్తులూ అగ్రిమెంట్లూ టైపు చేసిస్తుంది. అందరూ అడిగే ఆట ‘కోటలో వేట’. ఎనిమిది నెలల కిందట కంపెనీ ఆ ఆటకు ‘కాపలా’ అనే సాఫ్ట్‌వేర్‌ను తగిలించింది. ఆ కాపలా లెక్క ప్రకారం ఆమె దుకాణంలో ఆట ఆడిన కంప్యూటర్లు పన్నెండు కాదు, తొంభై మూడు.

“పైరసీ అంటున్నరు మేడం! నా దగ్గర పై రసీదు, కింది రసీదు, పన్నెండిటికి పన్నెండు రసీదులున్నయి. అయినా ఆటకు తాళం ఏసిన్రు. గీ కాగితం మీద సంతకం పెట్టాల్నట.”

అరుణాదేవి కాగితం చదివింది. ‘మా పనివాడు బీరన్న మీ ఆటను దొంగిలించి ఇతర కంప్యూటర్లలోకి ఎక్కించాడని ఒప్పుకుంటున్నాను.’ సోమవారం పదకొండు గంటలకు కంపెనీ మనిషి మనీష్ వచ్చి తీసుకుంటాడు. సంతకం లేకపోతే ఇద్దరి మీదా కేసు.

“బీరన్న పేరు వాళ్లకెట్ల తెలుసు?”

“మనీష్ సారు పోయిన వారం దుకాణానికొచ్చిండు. బీరన్న చేతిల స్క్రూడ్రైవర్ జూసిండు. గంతే, దొంగ దొరికిండన్నడు. నాకు కేసైనా సరే, షట్టర్ పడినా సరే. బీరన్న దొంగని మాత్రం నేను రాయ.”

“రాయకు,” అంది అరుణాదేవి. “కవరేది?”

కవరు మీద చిరునామా: భాగ్యశ్రీ, పుష్పమ్మ షట్టర్, ఆలంపల్లి రోడ్డు, వికారాబాద్.

“దుకాణం తాండూర్ల, కవరు వికారాబాద్‌లనా?”

“ఈడొక బ్రాంచి పెడదామనుకున్న మేడం. అగ్రిమెంట్ గూడ టైపు చేసిన. గంతలోనే ఓనర్ పుష్పమ్మ ఆ షట్టర్ గదిని గాజుల దుకాణమోళ్లకు కిరాయికిచ్చింది. కవరొచ్చినంక ‘నీ పేరున ఏదో వచ్చింది బిడ్డా’ అని ఫోన్ చేసింది.”

“అగ్రిమెంట్ ఎవరెవరి చేతిల పడ్డది?”

“ఎవరి చేతిలనూ లేదు. ప్రింటే తియ్యలే. ఆరో నంబర్ కంప్యూటర్ల పడి ఉన్నది.”

అరుణాదేవి కవరును బల్ల మీద బోర్లించింది. నోటీసు వెనక తొంభై మూడు కంప్యూటర్ల పట్టిక ఉంది, ఏ కంప్యూటర్ ఏ తేదీన మొదటిసారి కనబడిందో. మొదటి పన్నెండూ ఒకే రోజు. తర్వాతివి గుంపులు గుంపులుగా ఏడు తేదీల్లో. తేదీకీ తేదీకీ మధ్య ఒకసారి ఇరవై తొమ్మిది రోజులు, ఒకసారి ముప్ఫై.

“నెలకొకసారి దొంగతనం చేస్తున్నడా మేడం?” అన్నాడు యాకోబు. “జీతం లెక్క!”

“జీతం ఒకటో తారీఖున వస్తది యాకోబూ. ఇది తారీఖు చూసి నడిచేది గాదు. భాగ్యశ్రీ, మీ దుకాణానికి సెలవెప్పుడు?”

“ఆదివారం గూడ తెరుస్తం. నెలకొక్కనాడు బంద్. తాండూర్ల బండల మిషన్లన్నీ బందైననాడు మాదీ బంద్.”

అరుణాదేవి చెప్పులు వేసుకుంది. “పద. తాండూరు బండికి టైమైంది.”

తాండూరులో దిగాక రెండు సందులు దాటితే భాగ్యశ్రీ దుకాణం. ఎడమవైపు కందిపప్పు మిల్లు, కుడివైపు బండల పాలిషింగ్ యూనిట్. నాపరాయి పొడి గాలిలో తేలి వచ్చి యాకోబు మీసాన్ని పదేళ్లు ముసలిదాన్ని చేసింది. లోపల కంప్యూటర్ డబ్బాల మీద కూడా అదే తెల్లపొడి. ఒక్కోదాని మీద ఒక్కో కుంకుమ బొట్టు.

కరణ్‌కోట నుంచి వచ్చిన సిమెంటు లారీ డ్రైవరొకడు వేరే ఆట ఆడుతూ మౌసును బల్లకేసి కొట్టాడు. “మళ్ల లాగ్! ఇప్పుడన్ని ఆటలూ లాగే!”

“ఎవరి లాగు?” అన్నాడు యాకోబు కంగారుగా, కింద చూసుకుంటూ.

“లాగ్ అన్నా! నేను ఇప్పుడు తుపాకీ పేలిస్తే గుండు రేపు బయల్దేరుతది. ఆ కాపలా వచ్చినకాడికెల్లి గిదే కథ.”

పేరుకే అది సాఫ్ట్‌వేర్. పనికి ఒట్టి బండ. కంప్యూటర్ రొమ్ము మీద కూర్చుని ఊపిరాడనివ్వటం లేదు. అరుణాదేవి ఆరో నంబర్ దగ్గర ఆగింది. దాని ముందు ఎవరూ లేరు, ఏ ఆటా తెరిచి లేదు. అయినా ఫ్యాను గిర్రున తిరుగుతోంది. డిస్కు దీపం మిణుకు మిణుకుమంటోంది.

“కోటకు తాళం పడ్డది. వేట మాత్రం ఆగలే,” అందామె. “యాకోబూ, ఇంటర్నెట్ వైరు గుంజు.”

వైరు ఊడిన కాసేపటికి దీపం ఆగింది. ఫ్యాను చల్లబడింది. మళ్లీ పెడితే మళ్లీ మొదలు. యాకోబు మూడుసార్లు తీసి, మూడుసార్లు పెట్టి, ఫోనులో వీడియో తీసుకున్నాడు.

బీరన్న వెనక గదిలో ఉన్నాడు. యాభై దాటిన మనిషి. పద్దెనిమిదేళ్లు పాలిషింగ్ యూనిట్‌లో బండలు కోసి, దగ్గు పట్టుకున్నాక ఇక్కడ చేరాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నేను దొంగను గాదమ్మా. గదే ఒకటి రాసుకోండ్రి.”

“రాసుకుంట. ముందు నువ్వు చేసే పని చెప్పు.”

“ఊడుస్త, తుడుస్త. పెట్టెలల్ల పొడి నిండుతది గదా, ఇప్పి ఊదుత.”

“ఎన్నడు ఇప్పుతవ్?”

“అమాసకు. మా యూనిట్ల గూడ గంతే. అమాసకు మిషన్ బంద్. ఇప్పి, తుడిచి, బొట్టు పెట్టి, టెంకాయ కొడ్తం. ఇది గూడ మిషనే గదమ్మా.”

“ఏమేం బయటికి తీస్తవ్?”

“రెండు కార్డులుంటయి. బొమ్మలది ఒకటి, నెట్టుది ఒకటి. గోనెసంచి పరిచి అన్నీ వరుసగ పెడ్త. మళ్ల బిగిస్త.”

“ఏ పెట్టెది ఆ పెట్టెకేనా?”

బీరన్న ఆమె వైపు జాలిగా చూశాడు. “అన్నీ ఒక్క తీరువే గదమ్మా. రెండడుగుల బండ రెండడుగుల బండే. ఏది ముందు చేతికొస్తే గది పెడ్త. ఒక్కటి తక్కువ గాలే, ఒక్కటి ఎక్కువ గాలే.”

అరుణాదేవి నవ్వలేదు. లేచి వెళ్లి ఆ పెద్దమనిషికి స్వయంగా టీ పోసి ఇచ్చింది. యాకోబు తన పుస్తకంలో ‘టీ’ అని రాసుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

సోమవారం పదకొండయ్యేసరికి దుకాణం నిండింది. ఇస్త్రీ చొక్కాలో మనీష్, మోకాళ్ల మీద లాప్‌టాప్. వికారాబాద్ నుంచి రప్పించిన పుష్పమ్మ తలుపు పక్కన కుర్చీలో. బీరన్న గోడకు ఆనుకుని. భాగ్యశ్రీ బల్ల వెనక, చేతులు కట్టుకుని.

“సంతకం పెడితే అయిపోతుంది మేడం,” అన్నాడు మనీష్. “మా కాపలా తప్పు చెప్పదు.”

“మంచిది. మీ కాపలా ఏమేం చూస్తది సార్?”

“మా ఆటను మాత్రమే. మీ సొంత ఫైళ్ల జోలికి అస్సలు పోదు.”

“గీ మాట అందరు విన్నరు గదా.” అరుణాదేవి కవరు పైకెత్తింది. “మరి ఈ చిరునామా ఎక్కడిది?”

“ఆవిడే ఇచ్చుంటారు, ఆట కొన్నప్పుడు.”

భాగ్యశ్రీ పన్నెండు రసీదులూ బల్ల మీద పరిచింది. అన్నింటి మీదా తాండూరే.

“అయితే ఆ షట్టర్ ఓనరే చెప్పుంటారు.”

“నేనా?” పుష్పమ్మ కుర్చీలోంచి సగం లేచింది. “నిన్ను ఇప్పుడే చూస్తున్న నాయనా! నన్ను ఎవ్వరడిగిన్రు? ఆమె నా షట్టర్ల ఒక్క పూట గూడ లేకపాయె!”

“ఆ షట్టర్‌నూ భాగ్యశ్రీనీ కలిపి రాసిన కాగితం లోకంల లేదు సార్,” అంది అరుణాదేవి. “ఉన్నది ఒకే ఒక్క ఫైలు. ఆరో నంబర్‌ల, ప్రింటు గూడ తియ్యని అగ్రిమెంట్. మీ కాపలా దాన్ని చదివింది. ఇంకో బ్రాంచి ఉన్నదనుకున్నది. ఎక్కువున్న కంప్యూటర్లు గక్కడనే దాచిన్రనుకొని కవరు గక్కడికి పంపింది. జరగని బేరానికి నోటీసిచ్చిన కంపెనీ మీదే. ఎవరూ ఆడనప్పుడు గూడ ఆ డిస్కు తిరుగుడు, వైరు గుంజితే ఆగుడు యాకోబు వీడియో తీసిండు. ఈ డబ్బాలల్ల ఊరోళ్ల దరఖాస్తులు, ఆధార్ నకళ్లు ఉన్నయి. కాపలా పెట్టింది గోడ కాయనీకెనా, గోడ దూకనీకెనా?”

మనీష్ మెడ తుడుచుకున్నాడు. “అది... పై వాళ్లను అడగాలి. కానీ తొంభై మూడు కంప్యూటర్ల మాటేమిటి? అవి ఉన్నాయి కదా!”

“అవి ఇవే. లాప్‌టాప్ తెరిచే ఉంచుండ్రి. ఇప్పుడు ఎంత జూపిస్తున్నది?”

“తొంభై మూడు.”

“బీరన్నా, మూడో పెట్టెది, ఏడో పెట్టెది నెట్టు కార్డులు ఇప్పి, దాన్ల ఇది, దీన్ల అది పెట్టు.”

బీరన్న వేళ్లు అలవాటుగా కదిలాయి. రెండు డబ్బాలూ మూతపడి వెలిగాయి. అందరూ మనీష్ తెర మీదకు వంగారు. అంకె ఒకసారి ఆరి మళ్లీ వచ్చింది.

తొంభై అయిదు.

“చూసిన్రా? నా కళ్ల ముంగట రెండు కంప్యూటర్లు పుట్టినయి!” అన్నాడు యాకోబు. “మంత్రసాని గూడ లేకుండ!”

“గిదీ జరిగిన తారుమారు,” అంది అరుణాదేవి, అందరికీ వినబడేలా. “డబ్బాను, దాన్ల ఉన్న కార్డులను కలిపి మీ కాపలా ఒక కంప్యూటర్ అనుకుంటది. కార్డు మారితే దానికి అది కొత్త మనిషి. ఇక్కడ బండల పొడికి నెలకోసారి ఇప్పకుంటే మిషన్ బతకది. బీరన్న అమాసకు ఇప్పుతడు, బండలు పేర్చిన చేత్తోనే ఏది దొరికితే గది బిగిస్తడు. మీ పట్టికల తేదీలు క్యాలెండర్‌తోని కలిపి చూసిన. ఏడింటికి ఏడూ అమాస తెల్లారే. ఏడు అమాసలు, పన్నెండు పెట్టెలు: ఎనభై నాలుగు. మీ పట్టిక ప్రకారం మూడుసార్లు ఏ కార్డు ఆ ఇంటికే చేరింది: ఎనభై ఒకటి. మొదటి పన్నెండు కలిపితే తొంభై మూడు. ఎవరూ ఏమీ ఎత్కపోలే. చెయ్యి తిరిగిన మనిషి ఊదిండు, తుడిచిండు. మీరు దానికి దొంగతనమని పేరు పెట్టిన్రు.”

మనీష్ బయటికెళ్లి ఫోను మాట్లాడి, చిరునవ్వు ఒకటి తగిలించుకుని తిరిగొచ్చాడు.

“కంపెనీ పెద్దమనసు చేసుకుంది. తాళం ఇప్పుడే తీసేస్తాం. ఫైళ్ల విషయం బయట మాట్లాడనని మేడం ఒక చిన్న కాగితం రాసిస్తే చాలు.”

“పెద్దమనసా?” భాగ్యశ్రీ చేతులు విప్పింది. “నా కాగితాలు మీరు చదివి, నన్ను నోరు మూసుకొమ్మంటరా? బీరన్న దొంగని రాయమంటే రాయలే, మాట్లాడనని రాయమంటే రాస్తనా? ఎవరెవరి ఫైళ్లు నా దగ్గరున్నయో వాళ్లందరికీ చెప్త. ఫిర్యాదు గూడ పోతది. బీరన్నా, పన్నెండిట్లకెల్లి ఆ ఆట తీసెయ్. కాపలాతో సహా.”

“మీ గిరాకీ అంతా ఆ ఆటదే కదా మేడం!”

“పోతే పోనీ సార్. గిరాకీ పోతే మళ్లొస్తది.”

డ్రైవరు కుర్చీ తిప్పి మనీష్‌ను పైనుంచి కింది దాకా చూశాడు. “మేం వేరే ఆట ఆడుకుంటం తీయండి. కనీసం గుండు ఇయ్యాలనే బయల్దేరుతది.”

అరుణాదేవి ఒక తెల్లకాగితం మనీష్ ముందు పెట్టింది. “కంపెనీ తరఫున వద్దు. మీ కండ్లతోని మీరు ఇప్పుడు చూసింది రాయుండ్రి. అంతకంటె ఒక్క ముక్క ఎక్కువొద్దు, తక్కువొద్దు.”

మనీష్ చాలాసేపు ఆ తొంభై అయిదు వైపు చూశాడు. తర్వాత పెన్ను తీశాడు. ‘కార్డులు మారినందువల్ల లెక్క పెరగటం నేను స్వయంగా చూశాను. ఈ దుకాణంలో పనిచేసే వ్యక్తి ఎటువంటి దొంగతనమూ చేయలేదు’ అని రాసి, సంతకానికి కలం వంచాడు.

గోడ దగ్గరి నుంచి బీరన్న ముందుకొచ్చాడు. ఇంత సేపట్లో అతను మాట్లాడటం అదే మొదటిసారి.

“సార్. దొంగ అన్ననాడు పేరు పెట్టి అన్నరు. కాదన్ననాడు గూడ పేరు పెట్టే రాయుండ్రి.”

మనీష్ ‘వ్యక్తి’ని కొట్టేసి పైన ‘బీరన్న’ అని రాసి సంతకం పెట్టాడు. భాగ్యశ్రీ ఆ కాగితాన్ని అందుకుని గట్టిగా, పక్క యూనిట్‌లో బండలు కోసేవాళ్లకు కూడా వినబడేలా చదివింది.

బీరన్న కళ్లు మూసుకుని విన్నాడు.

“ఇంకొక్కపారి చదువమ్మా,” అన్నాడు.