లేని తమ్ముడికి లెక్కలు

నేను రూబీని మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతిలో ఒక పుస్తకం ఉంది. అదే పుస్తకం నా చేతిలో కూడా ఉంది. ఆమె అటు చివర, నేను ఇటు చివర పట్టుకుని లాగుతున్నాం.

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్ప. ఇంటర్ మ్యాథ్స్ గైడు, ఉన్నది ఒక్కటే కాపీ.

"జర ఇడ్వండి. నేను ముందుగల్ల చూసిన," అంది.

"చూసింది మీరేమో. పట్టుకున్నది నేను."

ఆమె నన్ను చెప్పుల దగ్గర నుంచి పైకి చూస్తూ వచ్చి గడ్డం దగ్గర ఆగింది. "ఎవరికిది? మీ తమ్మునికా?"

నాకు ఇరవై నాలుగేళ్లు. పేరు ఆనంద్ కుమార్. బీఎస్సీ చేసి, ఒక డయాగ్నస్టిక్ సెంటర్ కౌంటర్లో జనాల షుగర్ రిపోర్టులు కవర్లో పెట్టి ఇస్తుంటాను. ఇలా కాదు, ఎంసీఏ చేద్దామని బుద్ధి పుట్టింది. తీరా చూస్తే దానికి ఇంటర్లో మ్యాథ్స్ ఉండాలట. నేనేమో లెక్కలకు భయపడి బైపీసీలో దాక్కుని, బొద్దింక బొమ్మలు గీసుకుంటూ గట్టెక్కినవాణ్ణి. కాలేజీకి పోకుండానే మ్యాథ్స్ ఒక్కటీ అడిషనల్ సబ్జెక్టుగా రాయొచ్చని తెలిసి, పాత జూనియర్ కాలేజీకి పోయి ఫీజు కట్టాను. అక్కడి క్లర్క్ భానుమూర్తి గారిది కోస్తా. కళ్లజోడు తీసి మరీ నన్ను చూశారు.

"ఏంటి బాబూ, అందరూ ముందుకెళ్తుంటే నువ్వు రివర్స్ గేర్లో వస్తున్నావ్?"

ఆఫీసంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉండగానే ఇంత చక్కని అమ్మాయి "మీ తమ్మునికా?" అని అడిగింది. నా తల నన్ను అడక్కుండానే ఊగింది.

"అయ్యో, పిల్లగాడు ఒక్కడే చదువుకుంటుండా!" ఆమె వెంటనే పుస్తకం వదిలేసింది. సరూర్‌నగర్లో ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తుందట. "డౌట్లుంటే చేసినకాడికి నోట్‌బుక్ పంపియ్యమనండి. శనివారం సాయంత్రం మెట్రో మెట్ల కాడ ఉంట."

అలా నాకు తల్లిదండ్రులు ఇవ్వని తమ్ముణ్ణి రూబీ ఇచ్చింది.

వారమంతా డ్యూటీకి ముందు పొద్దున్నే లేచి, యూట్యూబ్ సార్ల ముందు కూర్చుని లెక్కలు చేసేవాణ్ణి. శనివారం ఆ నోట్‌బుక్ పట్టుకుని, నాకేం సంబంధం లేనట్టు మొహం పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడేవాణ్ణి. ఆమె తప్పులు దిద్ది, వివరించి, "గిట్లనే చెప్పండి మీ తమ్మునికి," అనేది. నేను అక్కడే అర్థం చేసుకుని, పైకి మాత్రం అర్థం కానట్టు ఉండేవాణ్ణి. మొదటి పని కంటే రెండోదే నాకు సులువుగా వచ్చింది.

ఒక శనివారం కాలం కాని కాలంలో వాన దంచికొట్టింది. ఇద్దరం మెట్రో పిల్లర్ పక్కకు చేరాం. ఆమె జడ మీంచి ఒక చుక్క జారి ఇంటిగ్రేషన్ మీద పడింది. ఇంకో చుక్క పడటానికి సిద్ధంగా ఉంది. నేను దాన్నే చూస్తున్నాను.

"ఏం చూస్తున్నరు?"

"వాన."

"వాన గటు పడ్తుంది," అని రోడ్డు వైపు చూపించి, నవ్వు దాచుకుంటూ నోట్‌బుక్ తిప్పింది. "మీ తమ్ముడు మంచోడండి. తప్పు చేస్తే కొట్టెయ్యడు. ఏడ తప్పిండో పక్కకు రాసుకుంటడు. గసోంటోళ్లంటే నాకు మస్తు ఇష్టం."

నేను మొహం దాచుకోవడానికి రోడ్డు మీది వాన వైపు తిరిగాను.

"మరి మీరేం చేస్తరు? పక్కన కూసుంటరా, పుస్తకం మోసుడేనా?"

"మోసుడే."

"పిల్లగాన్ని చూసి జర నేర్సుకోండి," అంది.

ఇంటికి పోయేదాకా లేని తమ్ముడి మీద పళ్లు నూరుకున్నాను. వాడు తెలివైనవాడు, కష్టపడేవాడు, రూబీకి మస్తు ఇష్టమైనవాడు. నేను వాడి హమాలీని. నిజం చెప్పేద్దామని ప్రతి శనివారం బయల్దేరేవాణ్ణి. ఆమె కనబడగానే, చెప్తే ఈ శనివారాలు ఉండవనిపించేది. రూబీ అంటే నాకు అంత ప్రేమ, నేనంటే నాకు అంత సిగ్గు.

పరీక్షల ముందు ఆదివారం మా నాగోల్ చర్చి, ఎల్బీనగర్ చర్చి కలిసి పిల్లల కోసం ప్రార్థన పెట్టాయి. హాల్ టికెట్లు పట్టుకుని ముందుకు రమ్మని పాస్టర్ గారు పిలిచారు. టెన్త్ పిల్లలు, ఇంటర్ పిల్లలు వరుస కట్టారు. నేను చివరి వరుసలో తల దించుకుని కూర్చున్నాను. మా అమ్మ ఎలీశమ్మ నా రెక్క పట్టుకుని లేపి, వాళ్ల మధ్య నిలబెట్టి, మైకు తీసుకుంది.

"అయ్యగారూ, మా ఆనంద్ గురించి గూడ ప్రార్థన జెయ్యాలె. డిగ్రీ అయింది గని ఇంటర్ లెక్కలు రాస్తుండు. ట్రిగనామెట్రీ అంటే పోరనికి జరమొస్తది. నాకు గీడొక్కడే కొడుకు. ముందు లేడు, ఎన్క లేడు. సంఘమంత జ్ఞాపకం జేస్కోవాలె!"

"ఆమెన్!" అంది సంఘం.

నా పక్క వరుసలో ట్యూషన్ పిల్లల్ని నిలబెడుతున్న ఎల్బీనగర్ టీచర్ ఒకామె మాత్రం ఆమెన్ అనలేదు. తల తిప్పితే రూబీ.

ప్రార్థన అయ్యాక గేటు దగ్గర పట్టుకుంది. "ఎన్క లేడా?"

"లేడు."

"మరి ఆ లెక్కలు?"

"నేనే చేసిన."

"వానల నిన్ను అన్ని మాటలంటుంటే ఎట్ల ఊకున్నవ్?" మీరు కాస్తా నువ్వు అయింది.

"నన్నే కదా మెచ్చుకుంటున్నవని..."

ఆమె నవ్వలేదు. "చెప్తే నవ్వుతనని అనుకున్నవా? నా దగ్గరికొచ్చేటోళ్లంత లెక్కల తప్పినోళ్లే. ఒక్కని మీదన్న నవ్విన్నా?" కళ్లలో నీళ్లు తిరిగాయి. షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

భానుమూర్తి గారి ఆఫీసు నవ్వును తెచ్చి ఈ అమ్మాయి మొహానికి అతికించాను. ఆ వారమంతా ఏ లెక్క చేసినా పక్కన ఆమె గొంతే వినబడింది.

పరీక్ష హాల్లోకి అడుగుపెట్టగానే పిల్లలందరూ లేచి "గుడ్ మార్నింగ్ సర్" అన్నారు. నేను పోయి ఆఖరి బెంచీలో కూర్చుంటే కిసుక్కుమన్నారు. ఆశ్చర్యంగా నాక్కూడా నవ్వొచ్చింది. రెండేళ్లవీ కలిపి నాలుగు పేపర్లూ రాశాను. ఒకటి బాగా, రెండు ఫర్వాలేదు, ఒకటి దేవుడికే తెలియాలి.

ఆఖరి రోజు బయటికొస్తే, తన పిల్లల కోసం రూబీ గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. అదే చాలనుకుని దగ్గరికి పోయాను.

"సిగ్గుకు అబద్ధమాడిన. నిన్ను తక్కువ అంచనా వేసిన. తప్పు నాదే," అన్నాను. "ఇంకోటి గూడ చెప్పాలె. నువ్వంటే నాకు ఇష్టం. పాసైనంక చెప్దామనుకున్న గని, పాసైతనో లేదో నమ్మకం లేదు."

రూబీ నా చేతిలోని క్వశ్చన్ పేపర్ తీసుకుని తిరగేసింది. "రేపు సాయంత్రం ఇంటికి రా. మా డాడీతోని మాట్లాడు," అంది. "నేనైతే ఏం చెప్ప. నువ్వే చెప్పుకోవాలె. ఉన్నదున్నట్టు."

వాళ్ల డాడీ దేవానందం గారు సిటీ బస్సు డ్రైవర్. ఎల్బీనగర్లో వాళ్ల ముందు గదిలో కుర్చీ నిండా కూర్చుని నన్ను చూశారు. తమ్ముడి కథతో సహా అంతా చెప్పాను.

"లెక్కలు పోతే ఏం జేస్తవ్?"

"సప్లిమెంటరీ రాస్త, అంకుల్."

"అదీ పోతే?"

"వచ్చే ఏడు మళ్ల ఫీజు కడ్త."

"పిల్లలు నవ్వుతరు గద?"

"నవ్వనీ అంకుల్. అలవాటైంది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, వంటింటి వైపు తిరిగారు. "రూబీ, చాయ్ పెట్టు బిడ్డా. గీ పోరడు ఇడిసిపెట్టే రకం గాదు."

"ఎప్పుడో పెట్టిన, డాడీ," అంది లోపలి నుంచి రూబీ.