డ్రైవర్ సీట్లో నాయన

మేఘన మొదటిసారి నా గదికి వచ్చింది వానలో. గొడుగు ఉంది. అయితే దాన్ని తల మీద కాకుండా, చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరు మీద పట్టుకుని నిలబడింది.

"కార్లు చేసేది ఈడేనా అప్పా?"

"ఈడే. చెప్పులు బయట."

లోపలికి వచ్చి, బల్ల మీద వరసగా ఉన్న అరచేతిలో పట్టే కార్లను చూసి నవ్వింది. ఎడమ బుగ్గ మీద వాన చుక్క ఒకటి జారకుండా అక్కడే ఉంది. అలాంటివి నాకు వెంటనే కనపడతాయి.

"ఫోన్లో సూసి పెద్దవనుకుంటిని. బొమ్మ కార్లా?"

"బొమ్మలు కాదు. మోడళ్ళు."

"ఆడుకోకూడదా?"

"కూడదు."

"మరి యాల చేస్తావు?"

ఎందుకని అంతవరకు నన్నెవరూ అడగలేదు. మదనపల్లె బెంగళూరు బస్టాండు వెనక ఆ గదిలో నాలుగేళ్ళుగా అదే పని. అసలు కారులో నలభై మూడో వంతు. సిలికాన్ రబ్బరు అచ్చులో రెజిన్ పోస్తే పావుగంటలో గట్టిపడి కారు ఒళ్ళు బయటికి వస్తుంది. గాలిబుడగల గుంటలు లేకుండా ఎప్పుడూ రాదు. వాటిని పుట్టీతో పూడ్చి, తడి ఉప్పుకాగితంతో నునుపయ్యేదాకా రుద్దాలి. నాకు ఇష్టమైన పని ఆ రుద్దడమే. ఎంత రుద్దినా కారు ఏమీ అనదు. మనుషులతో అంత నిశ్చింతగా నేనెప్పుడూ లేను.

కవరులోంచి ఒక ఫోటో తీసింది. లేత నీలం అంబాసిడర్ కారు.

"మా నాయన నల్లప్పది. ఇరవై రెండేండ్లు కుప్పం, పలమనేరు టాక్సీ తోలినాడు. కిడ్నీలు రెండూ పోయినాయి. డాక్టర్లు చేతులెత్తేసినారు. బండి అమ్మేసి చానా నాళ్ళాయె. ఇప్పుడు పడుకున్నకాడి నుంచి ఒకటే అడగతాండాడు, నా బండి యాడ, నా బండి యాడ అని." ఆమె గొడుగు మడిచింది. "ఆయన సూడాల. అంతే. లేటయితే లాభం లేదు."

నా పేరు అడిగింది. లోకనాథ్ అన్నాను.

"లోకం పెద్దది, కార్లు చిన్నవి," అంది.

ఆమె పుంగనూరు దగ్గర పాల డైరీలో, ల్యాబులో పని చేసేది. బుధవారాలు సాయంత్రం నేను పుంగనూరు వెళ్ళి, ఎంతవరకు వచ్చిందో చూపించేవాణ్ణి. ఫోన్లో ఫోటో పంపితే సరిపోయే పని. సరిపోదని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. బస్టాపు రేకుల కింద నిలబడి, ఆమె కారును వేళ్ళ మధ్య తిప్పి చూసేది.

"పాలల్లో నీళ్ళెంతో చిటికెలో చెప్పేస్తా. మనిషిని సూసినా చెప్పేస్తా."

"నాలో?"

"నీళ్ళే ఎక్కువ."

రేకుల మీద వాన పెద్దదైంది. ఆమె బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఇంకో బస్సు ఉందంది.

మూడో వారం నాకొక సందేహం వచ్చింది. ఫోటోలో ముందు అద్దం మీద ఎండ తళుక్కుమని, లోపల ఏముందో కనపడటం లేదు. మసగ్గా ఏదో నీడ. లోపల ఎలా ఉండాలని అడిగాను. ఆమె మా అందరిలాగే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపింది:

Seatlu erupu. Driver seatlo nayana undadu.

నాయన ఉండడు. అలా చదువుకున్నాను. ఖాళీ సీటు. మనిషి వెళ్ళిపోతున్నాడు, ఆమె ముందే ఒప్పుకుంది, ఎంత ధైర్యం అనుకున్నాను. సీట్లకు ఎరుపు వేసి, అద్దం బిగించి, కారు పూర్తి చేశాను.

ఆదివారం ఇద్దరం కుప్పంలో వాళ్ళింటికి వెళ్ళాం. నల్లప్ప మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు లావుగా ఉన్న మనిషి అని వదులైన చర్మం చెబుతోంది. భార్య పూలమ్మ కళ్ళద్దాలు తెచ్చి పెట్టింది. ఆయన కారును రెండు చేతులతో తీసుకున్నాడు. చక్రాలు తిప్పాడు. నంబరు పైకి చదివాడు. నవ్వాడు. తర్వాత కిటికీ దగ్గర కన్ను పెట్టి చాలాసేపు చూశాడు.

"నేను యాడమ్మా?"

మేఘన నన్ను వసారాలోకి లాక్కొచ్చింది.

"మెసేజి పెట్టింటిని గదా? నాయన ఉండాడని!"

"ఉండడు అని చదివినాను."

"మనూరోడివే గదప్పా నువ్వు! మీ ఇంట్లో ఉండాడు అనరా?"

అంటాం. ఉన్నాడు అనడానికి పుట్టినప్పటి నుంచి అదే మాట. ఇంగ్లీషు అక్షరాలకు దీర్ఘం లేదని అప్పటికి తప్పించుకోవచ్చు. కానీ సంగతి అది కాదని నాకు తెలుసు. నా కార్లలో ఎప్పుడూ మనిషి లేడు. కందిబేడంత ముఖం చెయ్యాలంటే నాకు భయం. ఆ భయమే, ఆ మాటను తనకు కావలసినట్టు చదువుకుంది.

"మనుషుల్ని చెయ్యడం నాకు రాదు మేఘనా."

"నేర్సుకో," అంది. కోపంగా అనలేదు. బతిమాలినట్టు అంది.

మళ్ళీ లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుని, కాగితం మీద ఆయన ముఖం గీశాను. నల్లప్పకు హుషారు వచ్చింది.

"మీసం పెట్టప్పా. ఇప్పుడు లేదు గానీ, అప్పుడుండె. కడుపు మాత్రం తగ్గించు."

"ఎంత తగ్గించేది?"

"మా ఆడామె గుర్తు పట్టేంత ఉంచు."

పూలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కుడి మోసెయ్యి కిటికీ మీద పెట్టాల," అన్నాడాయన. "అట్లే తోలతాంటి."

కారు వెనక్కి తీసుకుని మదనపల్లెకు వచ్చి పనిలో కూర్చున్నాను. సూదితో కళ్ళు, బ్లేడు మొనతో మీసం. నాలుగు బొమ్మలు పారేశాను. గురువారం మధ్యాహ్నం ఐదో బొమ్మ అయింది. భూతద్దం కింద పెట్టి చూస్తే నల్లప్పే. ముక్కు ఒక్కటి, వెంట్రుకవాసి ఎడమకు ఒరిగింది.

దాన్ని సొరుగులో పెట్టి, ఆరోది మొదలుపెట్టాను.

శనివారం మేఘన ఫోన్ చేసింది. "లోకా, అయిన కాడికి ఎత్తుకొని రా. నిన్నట్నుంచి నాయనకు తిండి లేదు."

"ఇంకా కాలేదు. ముక్కు సరిగా రాలేదు. సోమవారం తెస్తా."

"నాయన కండ్లకు ముక్కు కనపడదు లోకా."

"సోమవారం."

సోమవారం ముక్కు సరిగా వచ్చింది. కారు డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు ఫోన్ మోగింది. ఆమె ఏడవలేదు. "తెల్లారి పోయినాడు" అని మాత్రం చెప్పింది.

అయినా వెళ్ళాను. వాళ్ళ వీధి చివర నిలబడ్డాను. ఆమే నన్ను చూసి వచ్చింది, డబ్బా విప్పింది, కిటికీలోకి చూసింది.

"నాయనే," అంది. "నీ తప్పేముండాది? కాలేదు గదా."

నేను తల ఊపాను. ఆ తల ఊపడం గురించి తర్వాత చాలా ఆలోచించాను.

దినాలు అయిపోయాక ఒక మధ్యాహ్నం ఆమె కారు డబ్బా పట్టుకుని నా గదికి వచ్చింది. మనిషి చిక్కింది. స్టూలు మీద కూర్చుని, కాసేపు ఉప్పుకాగితం ముక్కను మడతలు పెట్టింది.

"కడాకు నాయన నిన్నే అడిగె. మీసం పెట్టే అప్ప వచ్చినాడా అని. అందుకేనేమో మా యమ్మ..." ఆగింది. "నీకు మీవాళ్ళు సంబంధాలు సూస్తాండారా అని అడగమనింది."

"మీ అమ్మ అడగమనిందా?"

"నేను గూడా అనుకో."

నాలుగేళ్ళలో ఆ గదిలో అంత మంచి మాట ఎవరూ అనలేదు. లేదు, చూడటం లేదు అంటే చాలు. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె నన్ను చూస్తున్న చూపులో నామీద ఏ అనుమానమూ లేదు. ఆ చూపు కింద బతకడం నావల్ల కాదనిపించింది. సొరుగు లాగి, ఐదో బొమ్మను ఆమె అరచేతిలో పెట్టాను.

"ఇది గురువారమే అయింది."

ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అయింది. వేళ్ళు మూసుకుంది.

"శనివారం నేను ఫోన్ చేసినప్పుడు..."

"ఉంది. సొరుగులో ఉంది."

"మరి కాలేదంటివి."

"ముక్కు కోసం."

బయట ఆటోవాడు ఎవరినో పిలుస్తున్నాడు. ఆమె పిడికిలి బుగ్గకు ఆనించుకుని ఏడ్చింది. చావు రోజున కూడా నా ముందు ఏడవని మనిషి, చిన్నపిల్లలా వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. దగ్గరికి వెళ్ళే హక్కు నాకు లేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"చెప్పకపోయింటే నాకు తెలిసేదే లేదు గదా?"

"తెలిసేది కాదు."

"యాల చెప్పితివి మరి?"

"మీ అమ్మకు జవాబు చెప్పకముందు నీకు తెలిసుండాలని."

పిడికిలి తెరిచి, వంకర ముక్కు ఉన్న నాయనను దగ్గరగా పెట్టుకుని చూసింది. పైటతో ముఖం తుడుచుకుంది.

"ముక్కు ఇట్లే ఉండె ఆయనకు. చిన్నప్పుడు ఎద్దు పొడిచింది." కాగితం మీద నేనే దాన్ని తిన్నగా గీసుకున్నాను. ఆమె డబ్బా విప్పి కారు బల్ల మీద పెట్టింది. "దాన్ని తీసేసి దీన్ని పెట్టు."

అద్దం ఊడదీసి, పట్టకారుతో ఆరో నల్లప్పను తీసి, ఐదో నల్లప్పను కూర్చోబెట్టాను. మోచెయ్యి కిటికీ మీదికి వచ్చింది.

"గమ్ము ఆరేదానికి ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"నీ మీద కోపం పోతాదో లేదో నాకు తెలీదు లోకా."

"ఊఁ."

"అమ్మకు ఏం చెప్పాలో గూడా తెలీదు."

కారును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండు చేతులూ దాని చుట్టూ అడ్డం పెట్టింది. నేను ఎదురుగా, నేల మీద కూర్చున్నాను. కుప్పం వైపు పోయే బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. కాసేపటికి ఇంకొకటి. గమ్ము ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. ఆరిందా అని ఆమె అడగలేదు, లేవలేదు.