పటంలో పెద్ద చుక్క

"రోబో ఉండగా కత్తితో మా నాన్న పొట్ట కోస్తారా? సిగ్గులేదూ!"

వార్డు వరండాలో ఆమె అరుపుకి నర్సులు తలలు తిప్పారు. బయట వాన దంచికొడుతోంది. ఎదుట నిలబడ్డ కుర్ర సర్జన్ చెవులు ఎర్రబడ్డాయి.

ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి. మూత్రనాళంలో అడ్డు తీసే రోబో ఆపరేషన్ల మీద ఎక్కడ ఎన్ని పరిశోధనలు వస్తున్నాయో వెతికి, చుక్కల పటం గీయడం ఆమె ఉద్యోగం. పరిశోధన పేపర్లు ఎక్కువైతే చుక్క పెద్దదవుతుంది. ఇప్పుడు ఆమె తండ్రికే కిడ్నీ కింద నాళం మూసుకుపోయింది.

"నా పటంలో రోబోదే పెద్ద చుక్క. ఏటేటా ఉబ్బుతోంది. మీకు కళ్ళు లేవా?"

"ఎక్కువమంది రాశారంతే. ఎక్కువమందికి నయమైందని కాదు. పటం గీసి, చదవడం రాకపోతే ఎలా?"

"నాకు చదవడం రాదా!"

"రాదు. మీ నాన్నగారికి ఇదివరకే పేగు ఆపరేషన్ అయింది. లోపలంతా అతుక్కుపోయింది. అలాంటివాళ్ళని ఆ పరిశోధనల్లో చేర్చుకోనే లేదు. ఎన్ని తిరగేసినా ఆయన వాటిలో లేరు."

ఆమె విసురుగా వెళ్ళి, అతని మాట తప్పని తేల్చాలని ఒక్కో పేపరూ తెరిచింది. చాలావాటిలో అదే మాట: పొట్ట ఆపరేషన్ అయినవారిని తీసుకోలేదు. ఇన్నాళ్ళూ శీర్షికలు లెక్కపెట్టిందే గాని లోపలికి తొంగి చూడలేదు. కోపం తగ్గలేదు, తన మీదికి మళ్ళింది. వెళ్ళి పొట్ట కోసే ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు తండ్రి మంచం దగ్గర అతన్ని నిలదీసింది.

"పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళనీ చేర్చుకునే మీ రోబో పరిశోధనకి పేషెంట్లు చాలడం లేదట. సిస్టర్ చెప్పింది. మా నాన్న చేతికందేలా దొరికారు కదా, ఎందుకు వదిలేశారు?"

"ఆయన ప్రాణం కదండీ."

"మరి ఆ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"మీరు చెప్పనిస్తేగా!"

"ఇంత మంచివాళ్ళతో ఎలా పోట్లాడను? ఒళ్ళు మండిపోతోంది!"

"పోట్లాడండి. రోజూ. జన్మంతా."

అనేశాక ఏమన్నాడో తెలిసి, కేసు కాగితం తలకిందులుగా పట్టుకుని చదవసాగాడు.

"మాట తప్పితే ఊరుకోను," అందామె, ఇంకా కోపంగానే.

"అమ్మాయ్," తండ్రి మూలిగాడు. "నవ్వితే కుట్లు లాగుతున్నాయి. అల్లుణ్ణి తీసుకెళ్ళి బయట తిట్టుకోమ్మా."

ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది. గుమ్మం దాటాక కూడా వదల్లేదు.