ఎవరి కింద రాయాలి

శ్రీరమ్య ఇడ్లీ కుక్కరు పొయ్యి మీద పెట్టి వాకిట్లోకి వచ్చేసరికి కారు డిక్కీ తెరిచి ఉంది. తను ముందురోజే సర్దిపెట్టిన బ్యానర్ల చుట్టలన్నీ అరుగు మీదికి చేరాయి. వాటి స్థానంలో స్టీలు క్యారేజీ, నీళ్ళ క్యాను, ఊరగాయ జాడీ, మడత కుర్చీ దర్జాగా కూర్చున్నాయి.

"అమ్మా! నా బ్యానర్లు ఎవరు తీశారు?"

"నేనే తీశా. మరి ఇవెక్కడ పట్టేది?" అంది సామ్రాజ్యం, తడి జుట్టు ముడేసుకుంటూ.

"అక్కడ భోజనాలు వాళ్ళే పెడతారమ్మా. స్టాలు తీసుకున్నవాళ్ళందరికీ."

"నువ్వు తింటావు. గోంగూర లేకపోతే నాకు ముద్ద దిగదు."

శ్రీరమ్యకు అప్పుడు అర్థమైంది. "నువ్వూ వస్తున్నావా?"

"మీ పెద్దమ్మ కూడా. పేట బైపాస్ దగ్గర నిలబడి ఉంటానంది. పాపం, అది ఎప్పుడు బయటికొచ్చింది గనక!"

శ్రీరమ్య మొగుడి వంక చూసింది. వీరబాబు టైర్లలో గాలి చూస్తున్నట్టు వంగి, ఎంతకీ తల ఎత్తలేదు. తనకి తప్ప అందరికీ తెలుసన్నమాట.

పర్చూరు బస్టాండు వెనక వాళ్ళిద్దరిదీ ప్రింటింగు షాపు. శుభలేఖలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, పురుగుమందుల కొట్ల బోర్డులు, అదీ వ్యాపారం. ఒకసారి ఎవరో పెళ్ళివారు అడిగితే శ్రీరమ్య వాళ్ళ వంశవృక్షాన్ని గుడ్డ మీద అచ్చు వేసిచ్చింది. పందిట్లో జనం పెళ్ళికూతుర్ని వదిలేసి దాని ముందు నిలబడి తమ పేర్లు వెతుక్కున్నారు. ఆ రోజే ఆమెకు ఆ పని మీద మనసు పడింది. ఇప్పుడు గుంటూరులో కుటుంబ చరిత్రలు సేకరించేవాళ్ళంతా కలిసి రెండు రోజుల సదస్సు పెడుతున్నారని తెలిసి, ధైర్యం చేసి స్టాలు తీసుకుంది. నమూనాగా చూపించడానికి పరాయివాళ్ళ పేర్లు పెడితే బాగుండదని తమ వంశవృక్షమే గోడంత గుడ్డ మీద వేసింది. మామూలుగా ఇలాంటి వాటిలో కొడుకుల సంతానమే ఉంటుంది. శ్రీరమ్య వేసేవాటిలో కూతుళ్ళకీ, వాళ్ళ పిల్లలకీ చోటుంటుంది. అదే తన ప్రత్యేకత అని చెప్పి మెప్పించాలని వారం నుంచీ అద్దం ముందు మాటలు నేర్చుకుంటోంది. ఇద్దరు ముసలమ్మల్ని వెంటేసుకుని వెళ్ళడం ఆ మాటల్లో ఎక్కడా లేదు.

చిలకలూరిపేట బైపాస్ దగ్గర వెంకటేశ్వరమ్మ గోతం సంచీతో సహా ఎక్కింది. కారంతా ఘాటు కమ్ముకుంది.

"ఏంటి పెద్దమ్మా అది?"

"మిరపకాయలే. తాలు లేకుండా ఏరి తెచ్చా. గుంటూరులో తెలిసినవాళ్ళు కనపడితే ఇద్దామని."

"గుంటూరుకి మిరపకాయలా?"

"మిర్చి యార్డులోవి వేరు, మన చేలోవి వేరు" అని ఆమె సంచీని ఒళ్ళో బిడ్డలా సర్దుకుంది. వీరబాబు తుమ్ముతూనే గుంటూరు దాకా బండి నడిపాడు.

సదస్సు ఒక పెద్ద కళ్యాణమండపంలో. లోపల హాల్లో ఉపన్యాసాలు, వరండాలో స్టాళ్ళు. పక్క స్టాలు ముబీన్ అనే కుర్రాడిది, వెలిసిపోయిన పాత ఫోటోలకు కొత్త ప్రాణం పోస్తాడు. శ్రీరమ్య బల్ల మీద గుడ్డ పరిచి, నమూనాలు అమర్చి, చిరునవ్వుతో నిలబడింది. మొదట వచ్చిన పెద్దమనిషి బల్ల చివర గోతాన్ని చూసి, "కిలో ఎంతమ్మా?" అని అడిగాడు.

"అమ్మేవి కావండీ..." అని శ్రీరమ్య అనేలోగా, "తీసుకెళ్ళు నాయనా, కాసిని" అని వెంకటేశ్వరమ్మ దోసిలి నింపింది. ముబీన్ తుమ్మి, "మేడమ్, ఫోటోల మీద కారం పడుద్దేమో కొంచెం చూడండి" అన్నాడు. శ్రీరమ్య పళ్ళు బిగించి గోతాన్ని బల్ల కిందికి తోసింది.

ఇక వెనక గోడకి పెద్ద గుడ్డ తగిలించడమే మిగిలింది. వీరబాబు స్టూలెక్కి తాళ్ళు కట్టాడు. సామ్రాజ్యం కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికెళ్ళి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. పైన వాళ్ళ నాన్న పేరు, అమ్మ పేరు. కింద ఇద్దరు కూతుళ్ళు. ఒకవైపు వెంకటేశ్వరమ్మ, అంకమ్మరావు, వాళ్ళ కింద ఇద్దరు కొడుకులు. రెండోవైపు సామ్రాజ్యం, బాపయ్య. వాళ్ళ కింద శ్రీరమ్య.

సామ్రాజ్యం వేలు అక్కడే ఆగిపోయింది.

"రమ్యా, ఇది తప్పు రాశావే."

"ఏం తప్పు?"

"నిన్ను కన్నది అక్క కదా. అక్క కింద రాయాలి."

అది ఇంట్లో దాచిన సంగతేమీ కాదు. శ్రీరమ్య వెంకటేశ్వరమ్మ మూడో కాన్పు. అదే నెలలో సామ్రాజ్యానికి పుట్టిన బిడ్డ దక్కలేదు. మళ్ళీ పిల్లలు పుట్టరన్నారు డాక్టర్లు. అక్క పొత్తిళ్ళలోని పిల్లను తెచ్చి చెల్లెలి ఒళ్ళో పెట్టింది. ఊరందరికీ తెలుసు, శ్రీరమ్యకీ ఊహ వచ్చినప్పటి నుంచీ తెలుసు. పెంచినావిడ అమ్మ, కన్నావిడ పెద్దమ్మ. ఆ పిలుపులు అలా స్థిరపడిపోయాయి.

"తప్పేం లేదు. సరిగ్గానే ఉంది. నువ్వొచ్చి కూర్చో సామ్రాజ్యం" అంది వెంకటేశ్వరమ్మ, గోడ వైపు చూడకుండానే.

"ఎలా సరిగ్గా ఉంటుందక్కా? నలుగురూ చదివేది."

"నలుగురూ చదివేదనే చెప్తున్నా."

"అబ్బబ్బా! అచ్చయిపోయిందమ్మా. ఇప్పుడు మారదు. దయచేసి జనం ముందు మొదలుపెట్టకండి" అని శ్రీరమ్య చేతులు జోడించినంత పని చేసి, లైట్లకి కరెంటు అడగడానికి ఆఫీసు గదికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి గుడ్డ మీద తన పేరు లేదు. ధరలు రాయడానికి తెచ్చిన తెల్ల స్టిక్కరు ఒకటి దాని మీద నున్నగా అతికించి ఉంది. ఇంకో స్టిక్కరు మీద సామ్రాజ్యం వంకర అక్షరాలతో 'శ్రీరమ్య' అని బాల్‌పెన్నుతో రాసి, వెంకటేశ్వరమ్మ కింద అంటించింది. శ్రీరమ్య చూస్తుండగానే వెంకటేశ్వరమ్మ లేచి, గోటితో గీకి ఆ స్టిక్కరు పీకేసి, ఉండ చుట్టి బల్ల కిందికి విసిరింది.

"నా కింద వద్దన్నానా!"

"నా కిందా వద్దన్నానా!"

సరిగ్గా అప్పుడే భార్యాభర్తలిద్దరు స్టాలు ముందు ఆగారు. ఆయన పేరు ప్రేమ్‌చంద్, రిటైరైన మేష్టారు. తమ బంధువులంతా కలిసే పండగ ఒకటి చేస్తున్నారట, దానికి పెద్ద వంశవృక్షం కావాలట. పొద్దుటి నుంచీ ఎదురుచూసిన మనుషులు ఇలాంటివాళ్ళే. శ్రీరమ్య గొంతు సవరించుకుని నేర్చుకున్న మాటలు మొదలుపెట్టింది. ఆయన శ్రద్ధగా విని, గుడ్డ వైపు చూశాడు.

"బాగుందమ్మా. మీ కుటుంబమేనన్నారుగా? ఇందులో మీరెక్కడ?"

శ్రీరమ్య చెయ్యి చాపి, తెల్ల స్టిక్కరు దగ్గర ఆపేసింది.

"ఇంతకీ ఎవరమ్మాయి మీరు?" అంది ఆయన భార్య, ముసలమ్మలిద్దరి వైపూ చూస్తూ.

"అక్క కూతురండీ" అంది సామ్రాజ్యం.

"మా చెల్లెలి కూతురండీ" అంది వెంకటేశ్వరమ్మ.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. ఆ దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సరేనమ్మా, మళ్ళీ వస్తాం" అని మర్యాదగా ముందుకు కదిలారు.

శ్రీరమ్యకు చెవులు వేడెక్కాయి. "అయిందా? ఇద్దరికీ తృప్తిగా ఉందా? నన్ను వదిలించుకోవడానికి ఇంతదూరం రావాలా? పర్చూరులోనే చెప్తే సరిపోయేది కదా!"

"అదేం మాటే..."

"మరేం మాట? పొద్దున్నుంచీ 'నాది కాదు, నాది కాదు' అని ఒకరి మీదికొకరు తోసుకుంటున్నారు. నేనేమన్నా గోతం సంచీనా?"

వీరబాబు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, వంటశాల వైపు విసవిసా వెళ్ళిపోయింది. మండపం వెనక వంటవాళ్ళు వంకాయలు తరుగుతున్నారు. ఎవరూ తనని చూడని చోట గోడవారగా నిలబడి ఏడ్చింది.

ఆమెకు చిన్నప్పటి నుంచీ ఒక ముల్లు ఉంది. పెద్దమ్మ తనని ఎప్పుడూ దగ్గరికి తీసుకోలేదు. అన్నలిద్దరికీ ముద్దలు కలిపి పెట్టేది. తనకి మాత్రం పళ్ళెంలో వడ్డించి, "మీ అమ్మని అడిగి తిను" అనేది. ఆడపిల్లని కాబట్టే ఇచ్చేసిందేమోనని శ్రీరమ్య లోలోపల అనుకునేది. పోనీలే, నాకు అమ్మ ఉందిగా అని సర్దుకునేది. ఇవాళ ఆ అమ్మే తన పేరు మీద కాగితం అతికించింది.

వెనకాల చెప్పుల చప్పుడైంది. ఇద్దరూ వచ్చారు. సామ్రాజ్యానికి ఆయాసం.

"నిన్ను వదిలించుకోవడమేంటే, పిచ్చిదానా?"

"మరెందుకు అంటించావు? చెప్పు. ఇవాళ తేలాలి."

సామ్రాజ్యం పైటకొంగుతో మొహం తుడుచుకుంది. "నీ పెళ్ళిలో నువ్వు చూళ్ళేదు, నేను చూశా. కన్యాదానానికి నేనూ మీ నాన్నా పీటల మీద కూర్చున్నాం. అక్క పందిట్లోనే లేదు. ఎక్కడుందా అని చూస్తే వంటల దగ్గర గరిటె పట్టుకుని నిలబడి, అక్కణ్ణుంచి మెడ చాచి చూస్తోంది. పిలిస్తే రాలేదు. నీళ్ళు వదులుతున్నానన్న మాటే గానీ నా చూపంతా దాని మీదేనే. బిడ్డ దానిది, పీట నాది! అప్పట్నుంచీ తింటున్న ముద్ద సయించలేదనుకో. ఒక్కసారైనా, తెలియనివాళ్ళు చదివే చోటన్నా, దాని పేరు కింద నీ పేరు ఉండాలనుకున్నా. నీ షాపు గుడ్డ కదా అని చేశా."

శ్రీరమ్య కన్నీళ్ళతోనే వెంకటేశ్వరమ్మ వైపు తిరిగింది. "మరి నువ్వెందుకు పీకేశావు పెద్దమ్మా? నీకు నేనెందుకు పనికిరాను?"

వంకాయలు తరిగే ఆవిడ కత్తిపీట ఆపి వింటోంది.

"నా కింద ఇద్దరున్నారు" అంది వెంకటేశ్వరమ్మ. "దాని కింద ఎవరున్నారే? మీ నాన్న కూడా పోయాడు. అంత పెద్ద గుడ్డ మీద దాని పేరు కింద ఖాళీ వదిలితే, వచ్చేపోయేవాళ్ళు పిల్లల్లేరు కాబోలు అనుకోరూ? పాలిచ్చి, విషజ్వరమొస్తే ఒళ్ళోంచి దించకుండా పెంచిన మనిషిని పట్టుకుని అలా అనుకుంటారా? నేను చూడలేను."

"అయితే చిన్నప్పుడు నన్నెందుకు దూరం పెట్టావు?"

"దగ్గరికి తీస్తే నువ్వు వెళ్ళనని ఏడ్చేదానివి. ఒకసారి ఏడ్చావు కూడా. నా కాళ్ళు చుట్టేసుకుని వదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ చెల్లెలి మొహం చూశా. ఇంక ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు." ఆమె గోడకి ఆనుకుంది. "నువ్వెళ్ళాక నువ్వు తిన్న పళ్ళెంలోనే నేను తినేదాన్ని. అది ఎవరికి తెలుసు?"

సామ్రాజ్యం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అక్కా, నాక్కూడా చెప్పలేదే!"

"చెప్తే నువ్వు పిల్లని తెచ్చి ఇచ్చేసేదానివి. నీ సంగతి నాకు తెలీదా?"

ఇన్నేళ్ళ ముల్లు తీరా బయటికి వచ్చాక చూస్తే, అది గుచ్చుకున్నది తనకి ఒక్కదానికే కాదు. శ్రీరమ్య ఇద్దరి చేతులూ పట్టుకుంది. ఒకదానికి ఇంకా మిరపకాయల ఘాటు ఉంది. దాన్ని పట్టుకున్న చేత్తోనే తన కళ్ళు తుడుచుకోబోతే "కళ్ళు మండుతాయే!" అని ఇద్దరూ కలిసి అరిచారు.

స్టాలుకి తిరిగొచ్చాక శ్రీరమ్య తన పేరు మీది స్టిక్కరు మెల్లగా ఊడదీసింది. నల్ల మార్కరు తీసుకుంది. సామ్రాజ్యం నుంచి తన పేరుకు అచ్చయిన గీత అలాగే ఉంది. వెంకటేశ్వరమ్మ పేరు నుంచి ఇంకో గీత మొదలుపెట్టి, అన్నలిద్దరి పక్కనుంచి మలుపు తిప్పి, తన పేరు దాకా లాగింది.

"ఇలా కూడా వేస్తారా?" అని ముబీన్ తొంగిచూశాడు.

"మేం వేస్తాం" అంది శ్రీరమ్య.

భోజనాల వేళకి ప్రేమ్‌చంద్ దంపతులు మళ్ళీ అటు వచ్చారు. ఆయన భార్య ఆ కొత్త గీత వెంట చూపు నడిపించి, ఇద్దరు ముసలమ్మల్నీ చూసి ఇంకేమీ అడగలేదు. మొగుడి వైపు తిరిగి, "మీ చిన్న మేనత్తని పెంపకానికి ఇచ్చారని మన దాంట్లో రాయకుండా వదిలేశారుగా? ఈ అమ్మాయి చేత వేయిద్దాం" అంది. ఆయన తల ఊపి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

శ్రీరమ్య ఊపిరి పీల్చుకుని ఆయన చెప్పే పేర్లు రాసుకోవడం మొదలుపెట్టింది. వెనకనుంచి గుసగుసలు.

"అక్కా, నీ గీత సన్నగా వచ్చిందే. ఇంకాస్త లావుగా వేయించాలి."

"నాది సన్నగానే ఉండాలి. నీది లావుగా ఉండాలి."

"అదేం కుదరదు. ఆ మార్కరు ఇటివ్వు."

"ఇవ్వను. చెయ్యి తియ్యి!"

బల్ల కదిలింది. నమూనా కార్డులు జారి ప్రేమ్‌చంద్ గారి ఒళ్ళో పడ్డాయి. మార్కరు కోసం పెనుగులాడుతున్న ఇద్దరి మీదా శ్రీరమ్యకు పట్టరాని విసుగొచ్చింది. వెనక్కి తిరిగింది. మార్కరు వెంకటేశ్వరమ్మ చేతిలో ఉంది.

"అబ్బా, అమ్మా! ఇంక ఆపవే! అదిలా ఇచ్చెయ్యి!"

వెంకటేశ్వరమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పిలుపు తనకేనా అన్నట్టు చెల్లెలి వైపు చూసింది. సామ్రాజ్యం అవునన్నట్టు తల ఊపింది. వెంకటేశ్వరమ్మ మార్కరును కూతురి చేతిలో పెట్టి, మడత కుర్చీలో కూలబడి, చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

సామ్రాజ్యం వంగి, ఆమె వీపు మీద చెయ్యి వేసింది. "ఊరుకోవే అక్కా" అంది, తనూ ముక్కు చీదుకుంటూ. "కస్టమర్లున్నారు. పిల్ల మళ్ళీ అరుస్తుంది."